మొదటి సెక్షను

ఎర్రగుట్టపల్లి, నకిరేకల్ దగ్గర
జూన్ 12, 2018

చెల్లె నిహారికకు,

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఈ ఇంట్లో నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, మా అత్త భద్రమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది. "స్పీకరు పెట్టు బిడ్డా, నేను గూడ ఇంట" అంటుంది. ఆమె మనసులో చెడు లేదు, పొద్దు పోక అంతే. కానీ నేను చెప్పబోయేది స్పీకరులో చెప్పేది కాదు. నువ్వు జవాబు రాస్తే ఇంటికి రాయకు. నేను పనిచేసే పశువుల దవాఖానకు రాయి.

నా పని నీకు తెలుసు. సర్కారు పథకం కింద ఇచ్చే ప్రతి గొర్రెకు చెవికి పసుపుపచ్చ బిళ్ళ కొట్టడం. లారీ వస్తుంది, గొర్రెలు దిగుతాయి, నేను బిళ్ళలు కొడతాను, డాక్టరు సారు ఫొటో తీయిస్తాడు, ఎవరి మంద వాళ్ళు తోలుకుపోతారు. బిళ్ళ దిగేటప్పుడు గొర్రె ఒక్కసారి తల విదిలిస్తుంది, అంతే. మళ్ళీ గడ్డి వెతుక్కుంటుంది.

పోయిన వారం లారీలో దిగిన గొర్రెలకు చెవులు ముందే చిరిగి ఉన్నాయి. పచ్చి గాయాలు. ఎవరో పాత బిళ్ళలు పీకేశారు. చిరిగిన చెవికి బిళ్ళ నిలవదు కాబట్టి రెండో చెవికి కొట్టమన్నారు. ఒక పొట్టేలుకు రెండు చెవులూ చిరిగే ఉన్నాయి. నేను దాని తల పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గొర్రెల సంఘం అధ్యక్షుడు గుర్వయ్య అక్కడే ఉన్నాడు. మీ బావకు పెద్దనాయిన, నాకు పెద్దమామ.

"ఏం కోడలా, గంతసేపు చెవులు జూస్తున్నవ్, కమ్మలు గిట్ల చేపిస్తవా దానికి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి మీ బావ నాగేందర్‌ను అడిగాను. "నీకు గిప్పుడు తెల్సిందా?" అని నన్నే అడిగాడు. "మన మంద ఏడికి పోయిందనుకున్నవ్ మరి?" మన మందను కృష్ణ ఒడ్డుకు మేతకు పంపానని నాతో చెప్పాడు చెల్లె. నేను నమ్మాను. ఫొటో దిగిన వారానికే దళారి లారీ తెచ్చి మందను ఎక్కించుకుపోయాడట. చేతిలో కొంత డబ్బు పెట్టాడట. అదే మంద ఇంకో ఊరిలో, ఇంకో పేరు మీద, కొత్త బిళ్ళలతో దిగుతుంది. డాక్టరు సారుకూ పెద్దమామకూ అందులో వాటా ఉంది. ఊర్లో అందరికీ తెలుసు. తెలియనిది బిళ్ళ కొట్టే నాకే.

"సర్కారు గొర్రె సర్కారుకు వాపసు పోయింది, మన ఇంట్లకెళ్ళి ఏం పోయింది?" అంది అత్త.

నువ్వు చట్టం చదువుతున్నావు కదా. దీన్ని ఏమంటారు?

అక్క సుచరిత

*

మహబూబ్‌నగర్, లా కాలేజి హాస్టలు
జూన్ 20, 2018

అక్కా,

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలట. హాస్టలు సాంబారు తిన్న చేత్తో ఆ మాట రాయలేను. నేను మాత్రం క్షేమం.

'గొర్రె ఒక్కసారి తల విదిలిస్తుంది, అంతే' అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. నువ్వు ఇంటర్‌తో చదువు మానకుండా ఉండాల్సింది. ఈ మధ్య నాకు మంచి మాట కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేకపోతున్నాను. నా గదిలో ఉండే స్నేహలత చెవుల్లో దూది పెట్టుకుంటోంది.

దీన్ని ఏమంటారని అడిగావు. దాన్ని అవినీతి అంటారు, అది అందరికీ తెలిసిన మాటే. కానీ నిన్ను ఏమంటారో తెలుసా? పేపర్లో చూశాను. ప్రజావేగు. పూర్వం వేగులు రాజు కోసం ప్రజల మీద కన్నేసి ఉంచేవాళ్ళు. ప్రజావేగు ప్రజల కోసం పాలకుల మీద కన్నేసి ఉంచుతుంది. ఈ మాట పుట్టించినవాళ్ళెవరో గానీ చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఊరికే పేరు కాదక్కా, నీ కోసం చట్టమే ఉంది. అవినీతిని బయటపెట్టిన వారిని కాపాడే చట్టం, 2014లో వచ్చింది, మన రాష్ట్రం వచ్చిన ఏడాదే. లైబ్రరీలో కూర్చుని నోట్సు రాసుకున్నాను. ఫిర్యాదు చేసిన మనిషి పేరు దాచి తీరాలి, అది పదమూడో సెక్షను. ఆ మనిషిని వేధించకూడదు, పదకొండో సెక్షను. పేరు బయటపెట్టిన అధికారికి జైలు, పదహారో సెక్షను. జైలు అక్కా! దీనికి వాడే మాట 'గోప్యత'. నెమలి ఈక పుస్తకంలో దాచినట్టు ఉంటుంది ఆ మాట.

ఒక్కటే షరతు. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు. నీ పేరు, ఊరు, సంతకం ఉండాలి. నువ్వు సరే అంటే నేనే చక్కగా రాసి పంపుతాను, నువ్వు చూసి రాసుకుని సంతకం పెడితే చాలు.

సరే అంటావు కదూ?

నీ నిహారిక

*

ఎర్రగుట్టపల్లి
జూలై 2, 2018

నిహారికా,

నీ ఉత్తరం దవాఖానలో మందుల పెట్టె వెనక కూర్చుని చదివాను. ప్రజావేగు అన్న మాట బాగుంది. అద్దంలో చూసుకుంటే మాత్రం పేడ చేతుల సుచరితే కనబడింది.

ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలదా? పేరు పెట్టడమంటే నాకు భయంగా ఉంది. నాగేందర్ పేరు కూడా ఆ ఫొటోల్లో ఉంది. ఊర్లో మంద వాపసు ఇవ్వని ఇల్లు లేదు. నేను వేలు చూపిస్తే అది ఒక్క డాక్టరు సారు వైపే పోదు.

ఊరుకుందామనే అనుకున్నాను. ఈలోగా లీలమ్మ వచ్చింది. పక్క గూడెంలో ఉంటుంది, భర్త లేడు. పథకంలో తన వాటా సొమ్ము కట్టడానికి మెడలో గొలుసు కుదువబెట్టింది. దళారికి మంద తిరిగి ఇవ్వనంది, నిజంగానే పెంచుకుందామనుకుంది పాపం. అలా అన్నందుకు ఆమెకు అన్నిటికంటే చెడిపోయిన మందను అంటగట్టారు. ఒక గొర్రెను భుజాన వేసుకుని దవాఖానకు వచ్చింది. చెవిలో పురుగులు పడ్డాయి. 

"సారూ, మేత ముడ్తలేదు, ఇప్పటికే సగం మంద పాయె" అంది.

"వానకాలం అమ్మా, గట్లనే ఉంటది" అన్నాడు డాక్టరు సారు ఫోను చూసుకుంటూ.

లీలమ్మ నా వైపు తిరిగింది. "బిళ్ళ కొట్టింది నువ్వే గద బిడ్డా. కొట్టిన చేతికి మందు తెల్వదా?"

ఆ గొర్రె దవాఖాన మెట్ల మీదే చచ్చింది. ఆ రోజు నుంచి అన్నం కలుపుకుంటుంటే ఆ మాటే వినబడుతోంది.

నేను ఒక్కటే అడుగుతాను. సెక్షన్లు వద్దు. నా పేరు బయటికి రాదని నువ్వు ఒక్క మాట రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

అక్క

*

మహబూబ్‌నగర్
జూలై 9, 2018

అక్కా,

రాదు.

నీ పేరు బయటికి రాదు. ఇది నా మాట కాదు, చట్టం మాట. నేను మధ్యలో మోసుకొచ్చేదాన్ని మాత్రమే. ఆకాశరామన్న ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేస్తారక్కా. సంతకం ఉన్న ఫిర్యాదును వేయలేరు.

దీంతో పాటు ఫిర్యాదు రాసి పంపుతున్నాను. ఎన్నో కాగితాలు చింపాక ఇది కుదిరింది. 'మూగజీవుల చెవులు సాక్ష్యం చెబుతున్నాయి' అన్న వాక్యం చూడు, తీసేద్దామనుకున్నాను గానీ చేయి రాలేదు. నువ్వు నీ దస్తూరీతో రాసి, నల్లగొండ వెళ్ళి రాష్ట్ర విజిలెన్సు ఆఫీసు పేరున రిజిస్టరు పోస్టు చెయ్యి. నకిరేకల్‌లో వద్దు, అక్కడ అందరూ తెలిసినవాళ్ళే.

అమ్మకు నేనేమీ చెప్పలేదు. అంతా అయ్యాక ఇద్దరం కలిసి చెబుదాం. ఎంత గర్వపడుతుందో చూడు.

నిహారిక

*

ఎర్రగుట్టపల్లి
జూలై 21, 2018

చెల్లె,

వేసేశాను.

పానగల్ గుడికి పోతానని ఇంట్లో చెప్పాను. అబద్ధం కాకూడదని పోస్టాఫీసు నుంచి నిజంగానే పానగల్ పోయాను. గుడిలో పెద్దగా ఎవరూ లేరు. చల్లటి రాతి మీద కూర్చుని బస్సులో కొన్న పల్లీలు తిన్నాను. పెళ్ళయ్యాక ఒక్కదాన్నే ఎక్కడికైనా పోయి ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. ఏదో బరువు దించినట్టయింది. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చాక నాగేందర్ "గుళ్ళె ఏం మొక్కుకున్నవ్?" అని అడిగాడు. "నీకు బుద్ధి రావాలని" అన్నాను. "గట్లయితె మళ్ల మళ్ల పోవాలె నువ్వు" అని నవ్వాడు. మంచివాడే చెల్లె. పెద్దమామ మాట దాటలేడు, అదే అతని జబ్బు.

లీలమ్మకు గాయాల మందు నేనే కొనిచ్చాను. మిగిలిన గొర్రెలు కోలుకుంటున్నాయి.

మూగజీవుల వాక్యం అలాగే ఉంచాను.

అక్క

*

(రాసి, పోస్టు చేయని ఉత్తరం)

మహబూబ్‌నగర్
ఆగస్టు 8, 2018

అక్కా,

ఈ రోజు మారయ్య సారు క్లాసులో ఏదో చట్టం గురించి చెబుతూ, మీకు నచ్చిన చట్టం ఒకటి చెప్పండి అన్నారు. నేను లేచాను. సెక్షన్లన్నీ గడగడా అప్పజెప్పాను. సారు సంతోషంగా విన్నారు. తర్వాత అడిగారు, "ఇది ఎప్పటి నుంచి అమల్లో ఉందమ్మా?"

"2014 నుంచి సార్."

"మొదటి సెక్షను చదివినవా?"

చదవలేదక్కా. ఏ చట్టంలోనైనా మొదటి సెక్షను అంటే చట్టం పేరు, ఎక్కడెక్కడ వర్తిస్తుందనే కదా. అట్ట మీది బొమ్మ లాంటిది. నేనెప్పుడూ రెండోదాని నుంచే మొదలుపెడతాను. నోట్సు కూడా అక్కడి నుంచే రాసుకున్నాను.

సారు పుస్తకం చేతికిచ్చి పైకి చదవమన్నారు. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇచ్చి ఏ తేదీని నిర్ణయిస్తుందో ఆ తేదీ నుంచి ఈ చట్టం అమల్లోకి వస్తుంది అని ఉంది.

"ఆ తేదీ చెప్పు" అన్నారు సారు.

తేదీ లేదక్కా. పార్లమెంటు ఒప్పుకుంది, రాష్ట్రపతి సంతకం పెట్టారు, కానీ ఇన్నేళ్ళుగా ఎవ్వరూ ఆ తేదీ వేయలేదు. "చట్టం పుట్టింది, ఇంకా ఊపిరి పీల్చలేదు" అన్నారు సారు. అందరూ నవ్వారు. నేను పుస్తకం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నీ పేరు రాయించింది నేను. వద్దన్నా వినలేదు. ఆకాశరామన్న అని రాసి ఉంటే

*

మహబూబ్‌నగర్
ఆగస్టు 11, 2018

అక్కా,

బాగున్నావా? ఇక్కడ వానలు. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి ఎక్కువ రాయలేను.

నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. ఎవరైనా అడిగితే నాకేమీ తెలియదను. ఫిర్యాదును వెనక్కి తీసుకునే వీలు ఉంటుందా అని ఊరికే అడిగి చూద్దామనుకుంటున్నాను. ఊరికేనే అంటున్నాను, భయపడకు. మారయ్య సారు చేత ఆ ఆఫీసుకు ఒక ఉత్తరం కూడా రాయించాను, పేరు జాగ్రత్త అని. అది మామూలుగా అందరూ చేసేదే.

కొత్త మాటలేమీ నేర్చుకోలేదు ఈ నెల.

దవాఖానలో పని బాగానే సాగుతోందా? వెంటనే రాయి. రెండు ముక్కలైనా సరే.

నిహారిక

*

ఎర్రగుట్టపల్లి
సెప్టెంబరు 4, 2018

చెల్లె నిహారికకు,

వెంటనే రాయమన్నావు, రాయలేకపోయాను. ఇకపై దవాఖానకు రాయకు. పోస్టాఫీసులోనే ఉంచమని చెప్పాను, నేనే పోయి తెచ్చుకుంటాను.

డాక్టరు సారు లోపలికి పిలిచాడు. పెద్దమామ కుర్చీలో కూర్చుని చాయ తాగుతున్నాడు. సారు బల్ల మీద ఒక కాగితం నా వైపు తిప్పాడు. "ఇది నీ సంతకమేనా అమ్మా?"

నేను రాసిన ఫిర్యాదే చెల్లె. పైనుంచి జిల్లాకు, జిల్లా నుంచి సారుకు వచ్చింది. విచారణ జరిపి నివేదిక పంపమని పైన రాసి ఉంది. "నా మీద ఫిర్యాదు నాకే పంపిండ్రు, నేనే విచారణ చేయాల్నట" అని సారు నవ్వాడు. కోపంగా కూడా లేడు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

పెద్దమామ కాగితం తీసుకుని మూగజీవుల వాక్యం పైకి చదివాడు. "మస్తు రాసినవ్ కోడలా. గింత మంచి తెలుగు నీకు యాడ వచ్చె? ఎవరు రాసిచ్చిండ్రు, చెప్పు."

"నేనే రాసిన పెద్దమామా."

"లారీలు తక్కువైనయ్. రేపటి సంది పనికి రాకు" అన్నాడు సారు.

నేను ఇంటికి చేరేసరికి ఊరంతా తెలిసిపోయింది. నా వల్ల ప్రతి ఇంటి మీదా కేసు పడుతుందని, తీసుకున్నదంతా కక్కిస్తారని పెద్దమామ చెప్పించాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కిరాణా కొట్టులో నేను పోతే మాట ఆగిపోతుంది. పిండి గిర్నీ దగ్గర నా డబ్బా పక్కన ఎవరూ డబ్బా పెట్టరు. "నన్ను దొంగను జేసినవ్ గదనే, నేనే దొరికిన్నా నీకు?" అన్నాడు నాగేందర్. నేను అతని పేరు రాయలేదు. కానీ రాసినట్టే కదా.

ధైర్యం చేసి నల్లగొండ పోయాను. కోర్టు దగ్గర ఒక పెద్ద వకీలును కలిశాను. నువ్వు రాసిచ్చిన సెక్షన్లన్నీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఏ చట్టం అమ్మా? గది ఇంక అమల్లకే రాలే" అన్నాడు.

"మా చెల్లె చదివింది సార్. లా చదువుతున్నది."

"ఏ సంవత్సరం?"

"రెండో సంవత్సరం."

"అయితే తెలుస్తదిలే, ఇంక టైముంది" అని నాకు చాయ తెప్పించాడు. ఫీజు తీసుకోలేదు. చేసేది కూడా ఏమీ లేదన్నాడు.

నీకు ఇది రాయొద్దనుకున్నాను. చిన్నదానివి, బాధపడతావు. కానీ తెలియకపోతే రేపు ఇంకెవరికో ఇలాగే చెబుతావని రాస్తున్నాను. మీ సారును అడిగి సరిచేసుకో. నీ తప్పేమీ లేదు. పుస్తకంలో ఉన్నది చదివావు, అంతే కదా.

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమీ అనుకోకు. దొడ్డిలో జారి పడ్డాను, కుడి చేయి కాస్త నొప్పి. వచ్చే నెల నా మీద కులం పంచాయితీ కూర్చుంటుందట. నువ్వు మాత్రం ఈ వైపు రాకు. రాసిచ్చింది ఎవరని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అక్క

*

మహబూబ్‌నగర్
సెప్టెంబరు 12, 2018

అక్కా,

నాకు తెలుసు.

ఆగస్టు మొదట్లోనే తెలిసింది. నువ్వు పోస్టు చేసిన తర్వాతే, కానీ నీ పేరు వాళ్ళకు తెలియకముందే. ఆ రోజే నీకు ఉత్తరం రాశాను. మధ్యలో ఆపేశాను. ఇప్పుడు దాన్ని కూడా ఇందులో పెడుతున్నాను, చదువు. తర్వాత పంపిన ఉత్తరంలో వానల గురించి రాశాను. వానలు పడుతున్నాయి, అది అబద్ధం కాదు. అబద్ధం లేకుండా మోసం చేయడం ఎలాగో అప్పుడే తెలిసింది.

తెలిసిన రోజే నీకు చెప్పి ఉంటే నువ్వు ముందుగానే అమ్మ దగ్గరికి వచ్చేదానివేమో. లేదా బావతో నువ్వే మెల్లగా చెప్పుకునేదానివేమో. నువ్వు నన్ను నమ్మకుండా పోతావని భయపడ్డాను. నా భయం అది అక్కా, నీ గురించి కూడా కాదు.

మారయ్య సారు రాసిన ఉత్తరానికి జవాబు లేదు. సారూ నేనూ నల్లగొండలో జిల్లా ఆఫీసుకు పోయి అడిగాం. ఫిర్యాదు సంబంధిత అధికారికి పంపబడినది అన్నారు. పంపబడినది. ఎవరు పంపారో చెప్పనక్కరలేని మాట. అలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు కనిపిస్తున్నాయి.

చేయి దొడ్డిలో జారితే నొప్పి పుట్టిందా అక్కా? నిజం రాయి.

కులం ముందు నా పేరు చెప్పేయి. ఫిర్యాదు రాసింది చెల్లె, దానికి బుద్ధి లేదు అని చెప్పు. నేను వచ్చి నిలబడతాను.

నిహారిక

*

ఎర్రగుట్టపల్లి
అక్టోబరు 23, 2018

నిహారికా,

నీ ఉత్తరం అందింది. కోపం వచ్చింది. రెండు రోజులు నీ మీద కోపంతోనే ఉన్నాను. తర్వాత దానికి కూడా ఓపిక లేకపోయింది.

చేయి సంగతి అడిగావు. దొడ్డిలో జారలేదు. నాగేందర్ కొట్టాడు. తర్వాత తనే వేడి నీళ్ళ గుడ్డ పెట్టాడు. పెడుతూ ఏడ్చాడు.

మల్లన్న గుడి ముందు కులం కూర్చుంది. మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు గోడ వెంట. లీలమ్మను కూడా పిలిపించారు. పెద్దమామ ముందు ఆమెనే అడిగాడు.

"నీ గొర్రెలు ఎట్లున్నయ్ లీలమ్మా?"

"మంచిగున్నయ్ అన్నా."

"ఒక్కటన్న సచ్చిందా?"

"సావలే."

ఆమె నా వైపు చూడలేదు. ఇంకో మంద ఇప్పిస్తామన్నారట. నేనైనా ఏం చేసేదాన్నో.

తర్వాత నన్ను నిలబెట్టారు. "తప్పయింది, అబద్ధం రాసిన అని చెప్పు కోడలా. కడుపుల పెట్టుకుంటం" అన్నాడు పెద్దమామ.

"బండారి తెప్పియ్యి పెద్దమామా" అన్నాను. "మల్లన్న బండారి నుదుట పెట్టుకొని చెప్త. నేనొక్కదాన్నే కాదు, మంద ఇంట్లనే ఉన్నదన్న ప్రతొక్కరు పెట్టుకొని చెప్పుండ్రి."

నీకు తెలుసు కదా, ఆ పసుపు పట్టి మనవాళ్ళు అబద్ధం ఆడరు. ఆడితే మంద నిలవదని భయం. పూజారి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. అరుగు మీద ఒక్కరూ పళ్ళెం వైపు చూడలేదు. ఒక ముసలాయన మోకాళ్ళ నొప్పి అని లేచి పోయాడు. ఇంకొకాయనకు అప్పుడే ఫోను వచ్చింది. ఆ సమయంలో కూడా నాకు నవ్వొచ్చింది చెల్లె. గెలిచాననుకున్నాను.

పెద్దమామ పూజారిని చేత్తోనే ఆపాడు. "గీ చిన్న ముచ్చటకు దేవుణ్ణెందుకు లేపుడు? కాయితం మీద రాసిస్తె చాలు" అని జేబులోంచి కాగితం తీశాడు. డాక్టరు సారు ముందే టైపు చేయించి ఇచ్చినది. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాగితం మీద అబద్ధానికి ఎవరికీ భయం లేదు.

నేను సంతకం పెట్టనన్నాను. అప్పుడు అత్త గోడ దగ్గర నుంచి లేచి వచ్చింది. అందరూ చూస్తుండగా నా కాళ్ళు పట్టుకుంది. "నా కొడుకును జైలుకు పంపకు బిడ్డా" అంది. స్పీకరు పెట్టమని గొడవ చేసే మనిషి, నా కాళ్ళ దగ్గర ఆమె గొంతు నాకే సరిగా వినబడలేదు.

పెట్టాను.

ఫిర్యాదు ఎవరు రాసిచ్చారో నింపమని అందులో ఖాళీ వదిలారు. నేనే అని రాశాను. పెద్దమామ చదివి నా మొహం చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీ పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇంతటితో అయిపోతుందనుకున్నాను. అందరూ నాతో మంచిగా ఉండడం మొదలుపెట్టారు. కొట్టులో ముందు నాకే ఇస్తారు. బోరింగు దగ్గర పక్కకు జరిగి దారిస్తారు. కానీ ఎవరూ కళ్ళలోకి చూడరు. మా మరిది భార్య తన బిడ్డను నా ఒళ్ళోంచి మెల్లగా తీసుకుపోయింది. ఎందుకని అత్తను అడిగాను.

"నీ ఉసురు తగుల్తదని భయం బిడ్డా" అంది. "నువ్వేం అనకు. మనసుల గూడ ఏం అనుకోకు. జర దయుంచు."

నేను ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఏమీ అనుకోలేదని ఎలా చెప్పను?

ఈ నెల వానలు తగ్గాక, లారీల్లో దిగిన గొర్రెలకూ వాటితో కలిసిన ఊరి గొర్రెలకూ మూతులు వాస్తున్నాయి. జ్వరం, చొంగ, నడవలేవు. ఇది వానల జబ్బు, టీకా పడని మందకు వస్తుంది. ఊరూరా తిప్పిన గొర్రెలకు టీకా ఎవరు వేస్తారు? నాగేందర్‌కు చెప్పాను. పెద్దమామ ఇంటికి పోయి గుమ్మంలో నిలబడి చెప్పాను. తలుపు వేసుకున్నారు. నిన్న పొద్దున ఆయన సొంత మందలో గొర్రెలు వరసగా పడిపోయాయి. అందరూ దొడ్డి దగ్గర చేరారు. నేనూ పోయాను. చచ్చిన గొర్రెలను చూసి, తర్వాత అందరూ నా వైపు చూశారు.

గోడ అవతల ఎవరో బాణామతి అన్నారు, నేనే చేతబడి చేశానని. చిన్నగానే అన్నారు. ఇంకెవరో ఊకొట్టారు.

నాగేందర్ నన్ను బయటికి రావద్దన్నాడు. బయట గొళ్ళెం పెట్టి పోయాడు. నా మంచికేనన్నాడు. నా ఫోను పెద్దమామ దగ్గర ఉంది. అత్త కిటికీ దగ్గర కూర్చుని కాపలా కాస్తోంది, నాకా వాళ్ళకా అర్థం కావడం లేదు.

లీలమ్మ వచ్చింది. "గా నాడు నోరు రాలే బిడ్డా" అంది. ఈ ఉత్తరం కిటికీలోంచి ఆమెకు ఇస్తున్నాను. అత్త చూసి మొహం అటు తిప్పుకుంది. లీలమ్మ పోస్టు చేస్తుందో, పెద్దమామకు ఇస్తుందో తెలియదు. ఇంకో చేయి లేదు నాకు.

చెల్లె, జవాబు రాయకు. వచ్చి నన్ను తోల్కపో.

సుచరిత